రెండు దెబ్బల మధ్య జాగా

(అమలాపురంలో, సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

ఈ ప్రసంగానికి కారకుడు వెనక వరసలో కూర్చున్న ఆ అబ్బాయి. నెల కిందట మా ఇంటికి వచ్చాడు. ఊరేగింపులకు సౌండు బాక్సులు అద్దెకు ఇచ్చే వ్యాపారం అతనిది. ఎనిమిది బేస్ బాక్సులు అమ్మేద్దామనుకుంటున్నాను, కొనేవాళ్ళుంటే చెప్పండి అన్నాడు. ఎందుకు బాబూ అని అడిగాను. "ఇదివరకు బేరానికి వచ్చినవాళ్ళు ముందుగా డబ్‌స్టెప్ మిక్సులు ఉన్నాయా అని అడిగేవాళ్ళండి. ఇప్పుడు ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు. దాని పని అయిపోయిందండి" అన్నాడు.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. డబ్‌స్టెప్ అంటే లండన్‌లో పుట్టిన డాన్సు సంగీతం, బేస్ అనే కింది శబ్దపు బరువు మీద నడుస్తుంది. ఆ సంగీతం నా జీవితంలో నాలుగైదు సంవత్సరాలు తీసుకుంది, చాలా తిరిగి ఇచ్చింది. పని అయిపోయింది అన్న మాట నాకు ఊరికే పోలేదు. నెల రోజులు ఆలోచించి, ఈ బాక్సు, ఈ పళ్ళెం పట్టుకుని మీ ముందుకు వచ్చాను.

మా నాన్నగారికి అంబాజీపేటలో మైకు సెట్టు ఉండేది. రెండు గొట్టం మైకులు, ఒక ఆంప్లిఫయరు, తరువాత రోజుల్లో నాలుగు బాక్సులు. బాక్సు బాగుచేశాక ఆయన దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, జాలీ విప్పి, స్పీకరులో అదిరే కోను మీద చిటికెడు బియ్యం వేసేవారు. పాట పెట్టేవారు. గింజలు ఒకే చోట నిలిచి గెంతితే కోను బాగున్నట్టు. ఒక పక్కకు జరిగిపోతే లోపలి తీగచుట్ట ఎక్కడో రాసుకుంటున్నట్టు. "చెవి మొహమాటపడుతుంది, గింజ మొహమాటపడదు" అనేవారు. అదే పరీక్ష ఇప్పుడు మీ ఎదుట చేస్తాను.

(బాక్సు మీద పళ్ళెం పెట్టి, అందులో బియ్యం పోసి, ఒక శబ్దం వినిపించారు.)

ఇది సెకనుకు 50 సార్లు ఊగే శబ్దం, 50 హెర్ట్జ్. మైకు సెట్టు వాళ్ళకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎర్తు సరిగ్గా లేనప్పుడు బాక్సులో వినిపించే మూలుగుకు మూలం ఇదే, ఎందుకంటే మన కరెంటు కూడా సెకనుకు 50 సార్లే ఊగుతుంది. గింజలు చూడండి, ఎలా లేస్తున్నాయో. ఇప్పుడు ఇదే శబ్దాన్ని నా ఫోనులో పెడుతున్నాను. వినిపించిందా? లేదు కదా. ఈ శబ్దపు ఒక్క అల పొడవు దాదాపు ఏడు మీటర్లు, అంటే ఈ హాలు వెడల్పంత. ఫోనులో ఉన్న స్పీకరు చింతగింజంత. అది ఎంత గింజుకున్నా ఇంత అలను పుట్టించలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, డబ్‌స్టెప్ ఎదిగిన కథా కుంగిన కథా రెండూ దీని చుట్టూనే తిరుగుతాయి.

2008లో నేను చదువుకోవడానికి లండన్ వెళ్ళాను. అద్దె తక్కువని దక్షిణాన క్రాయిడన్‌లో గది తీసుకున్నాను. అక్కడ సర్రీ స్ట్రీట్ అనే వీధిలో 1276 నుంచీ ఒక సంత నడుస్తోంది. కూరగాయలూ పండ్లూ గంపల్లో పోసి కేకలు వేస్తూ అమ్ముతారు. బెండకాయలు కూడా దొరికేవి. ఆ వీధిలోనే కొన్నేళ్ళ కిందట బిగ్ యాపిల్ రికార్డ్స్ అని ఒక చిన్న రికార్డుల కొట్టు ఉండేదని, నేను వెళ్ళేనాటికే అది మూతపడిందని తరువాత తెలిసింది. ప్రపంచమంతా విన్న సంగీతం ఆ సంత వీధిలో, ఆ కొట్టు చుట్టూ చేరిన కుర్రవాళ్ళ చేతుల్లో రూపుదిద్దుకుంది. కౌంటరులో హాచ అనే డీజే ఉండేవాడు. స్క్రీమ్, బెంగా అనే ఇద్దరు పదిహేను పదహారేళ్ళ వాళ్ళు ఇంట్లో కంప్యూటరు మీద పాటలు కట్టి తెచ్చి అతనికి వినిపించేవారు. పెద్ద స్టూడియో ఏదీ లేదు. పడకగదిలో ఒక కంప్యూటరు, ఒక చవక సాఫ్ట్‌వేరు.

అంతకు ముందు 1990ల చివర లండన్‌లో గరాజ్ అనే డాన్సు సంగీతం ఊపు మీద ఉండేది. తళుకు ఎక్కువ, పాడే గొంతులు ఎక్కువ. ఈ పిల్లలు అందులోంచి తళుకు తీసేశారు, గొంతులు తీసేశారు. డప్పు దెబ్బా, కింది శబ్దమూ మాత్రం మిగిల్చారు. 2002 ప్రాంతంలో దానికి డబ్‌స్టెప్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

అందులో డబ్ అన్న మాట జమైకాది. నాకు ఎంతో ఇష్టమైన మనిషి కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. కింగ్‌స్టన్ పట్టణంలో ఆస్బోర్న్ రడక్ అనే ఆయన ఉండేవాడు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్కు. లోకం ఆయన్ను కింగ్ టబ్బీ అంటుంది. 1970ల మొదట్లో, అచ్చయిన పాటను మళ్ళీ, శబ్దాలను కలిపే తన మిక్సరు మీదికి తీసుకుని గొంతును తగ్గించేసేవాడు. గిటారు ఒక్క క్షణం వచ్చి మాయమయ్యేది. డ్రమ్మూ బేసూ మిగిలేవి. తీసేసిన చోట ఖాళీ ఏర్పడేది, ఆ ఖాళీలో ప్రతిధ్వని తిరిగేది. దాన్నే డబ్ అన్నారు. వాయిద్యం పట్టని మనిషి, టంకం కడ్డీ పట్టిన మనిషి, మిక్సరునే వాయిద్యం చేసుకున్నాడు. 1989లో ఇంటి ముందే ఎవరో ఆయన్ను కాల్చి చంపారు. ఆయన గురించి మొదటిసారి చదివినప్పుడు మా నాన్నగారు కళ్ళలో మెదిలారు. మన ఊళ్ళలో స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్న ఎంతమంది చేతుల్లో ఇలాంటి విద్య ఉండి ఉంటుందో!

1948 నుంచి జమైకా వాళ్ళు ఓడలెక్కి లండన్ వచ్చారు. బ్రిక్స్టన్ వాళ్ళ పేట అయింది. వాళ్ళతోపాటు సౌండు సిస్టములూ వచ్చాయి, ఇంట్లో చేసుకున్న బీరువాలంత బాక్సులు. నాతో దుకాణంలో పనిచేసిన ఒక కుర్రవాడి తాతగారికి అలాంటిది ఒకటి ఉండేదట. చలికాలంలో ఒక శనివారం రాత్రి అతను నన్ను బ్రిక్స్టన్ తీసుకువెళ్ళాడు. మాలా, కోకీ, లోఫా అనే వాళ్ళు 2005లో మొదలుపెట్టిన డీఎంజెడ్ అనే సంగీత రాత్రి అది, ఒక చర్చి భవనంలో. వాళ్ళ ప్రకటన కాగితం మీద, బేస్ బరువు మీద ధ్యానం చేయడానికి రండి అన్న అర్థం వచ్చే మాట ఉండేది.

లోపల దాదాపు చీకటి. వెలుగులూ పొగలూ ఏమీ లేవు. మొదట నాకు ఏమీ వినిపించలేదు, చొక్కా కదిలింది. గాలి లేదు, చొక్కా కదులుతోంది. తరువాత పక్కటెముకల్లో తెలిసింది. చేతిలో ఉన్న డబ్బాలో చల్లటి పానీయం ఉంటే, ఆ డబ్బా రేకు వేళ్ళ కింద సన్నగా వణికింది. అప్పుడు దెబ్బ పడింది. మళ్ళీ దెబ్బ ఎంతసేపటికీ పడదే! అంతసేపూ కింద ఆ బరువు ఉంది, పైన ఏమీ లేదు. చుట్టూ మనుషులు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. చిన్నప్పుడు అంతర్వేది తీర్థంలో రథం కదిలినప్పుడు, చక్రం చప్పుడు చెవికన్నా ముందు అరికాళ్ళకు తెలిసేది. ఆ తరువాత అంత దూరంలో, పరాయి దేశంలో, నాకు అదే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోవలసిన అవసరం ఆ చీకట్లో లేదు.

మీకు ఆ లెక్క చెబుతాను, చప్పట్లు కొట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నిమిషానికి 140. చాలా వేగం. ఇప్పుడు లెక్క మనసులో పెట్టుకుని, మూడు దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టండి.

(సభలో చప్పట్లు.)

చూశారా, నింపాదిగా అయిపోయింది. వేగం మారలేదు, దెబ్బలు తగ్గాయి. అందుకే ఈ సంగీతంలో పరుగెత్తాలనుకున్నవాడికి 140 ఉంది, నడవాలనుకున్నవాడికి 70 ఉంది. రెండూ ఒకే గదిలో ఉంటాయి. మన సంగీతం తెలిసిన పెద్దలు ఇది కాలం మార్చడమే కదా అంటారు. అవును, దాని దగ్గరి చుట్టమే. డబ్‌స్టెప్ ప్రాణమంతా ఆ రెండు దెబ్బల మధ్య వదిలిన జాగాలో ఉంది.

అప్పట్లో ఈ పాటలు బజారులో దొరికేవి కావు. డబ్‌ప్లేట్ అని, లక్క పూత పూసిన రేకు మీద ఒక్క ప్రతి కోయించుకునేవారు. కొన్ని పదుల సార్లు తిప్పితే అరిగిపోతుంది. పాట వినాలంటే ఆ గదికి వెళ్ళాలి, లేదా లైసెన్సు లేకుండా నడిచే రిన్స్ ఎఫ్ఎం రేడియోలో పట్టుకోవాలి. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ వాళ్ళందరినీ ఒక్క కార్యక్రమంలో కూర్చోబెట్టింది. అక్కడి నుంచి కట్ట తెగింది.

ఇప్పుడు కుంగిన కథకు వస్తాను. బేస్‌ను ఊపే ఒక పద్ధతి ఉంది, వాబుల్ అంటారు. ఊ అనండి. గొంతు మార్చకుండా నోరు తెరిచి ఆ అనండి. మళ్ళీ ఊ, మళ్ళీ ఆ. మీ శ్రుతి మారలేదు, నోరు తెరిచి మూశారు, అంతే. ఫిల్టరు చేసే పని అదే, పై శబ్దాలను వదులుతుంది, ఆపుతుంది. మృదంగం వాళ్ళు ఎడమ మూతకు బొంబాయి రవ్వ తడిపి ముద్ద అద్దుతారు కదా, గంభీరం రావడానికి. ఆ మూత మీద అరచేతి మడమ నొక్కి జారిస్తే గుంకీ పలుకుతుంది, ఆ జారుడు వింటే ఒళ్ళు పులకరిస్తుంది. వాబుల్ కూడా మొదట అలాంటి అలంకారమే. పాటలో ఎప్పుడో ఒకసారి వచ్చేది.

అయితే 2009, 2010 వచ్చేసరికి జనం సంగీతాన్ని గదిలో వినడం మాని ల్యాప్‌టాప్‌లో, యూట్యూబులో వినడం మొదలుపెట్టారు. ఇందాక నా ఫోను 50 హెర్ట్జ్‌ను వినిపించలేకపోయింది, గుర్తుందా? ల్యాప్‌టాపూ అంతే. దాంతో కింద ఉన్న బరువును పైకి, మధ్య శబ్దాల్లోకి తెచ్చారు. అలంకారం అసలు కథ అయింది. గుర్రుమనడం, గీకడం, అరవడం. లాస్ ఏంజెలెస్ నుంచి స్క్రిల్లెక్స్ అనే యువకుడు 2010 అక్టోబరులో ఒక చిన్న ఆల్బం తెచ్చాడు, 2012 ఫిబ్రవరిలో మూడు గ్రామీ అవార్డులు అందుకున్నాడు. చాలామంది ఆయన్నే దోషి అంటారు. నేను ఒప్పుకోను. చిన్న స్పీకరులో ఏది వినబడుతుందో అది ఆయన చేశాడు, నేర్పుగా చేశాడు. ఆయన్ను చూసి చేసినవాళ్ళకు ఆ నేర్పు లేదు, అరుపు మాత్రం ఉంది. ప్రకటనల్లో అదే, సినిమా ట్రైలర్లలో అదే.

మన దగ్గరికి చేరింది ఈ రెండోది. 2012, 13 నాటికి మెమరీ కార్డులో పాటలు ఎక్కించే సెల్లు కొట్లలో ఆ పేరుతో ఒక ఫోల్డరు ఉండేది. సినిమా డైలాగు ఒకటి, వెనక నిశ్శబ్దం ఒక క్షణం, ఆ తరువాత వాబుల్ విరుచుకుపడడం. వినాయక నిమజ్జనానికి ట్రాక్టరు మీద బాక్సులు, వెనక జనరేటరు. నేను తిరిగి వచ్చిన ఏడాది మా వీధిలోంచి అలాంటి ఊరేగింపు ఒకటి వెళ్ళింది. మాది పాత పెంకుటిల్లు. వంటింటి మీద వరసగా పెంకులు జారాయి. మా అమ్మ గుండె మీద చేయి పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. నేను ప్రాణంగా ప్రేమించిన శబ్దం మా అమ్మకు భయం తెచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఊరేగింపులకు బాక్సులు పెట్టే తమ్ముళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా మైకులు పెట్టకూడదు. ఇవి మీకు తెలుసు. తెలియనిది ఇంకొకటి. ఆ కొలత మనిషి చెవిని అనుకరిస్తుంది, కింది శబ్దాలను తగ్గించి లెక్కకడుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. అంటే మీటరు మీద అంకె పెద్దగా లేకపోయినా, గోడ అవతల ముసలామె గుండె మీద బరువు ఉంటుంది. మీటరు ఒప్పుకుంది కదా అని ఆగకండి, అరచేయి గోడకు ఆనించి చూడండి.

గుర్రపుడెక్క పట్టిన కాలువను మీరందరూ చూశారు. ఊదారంగు పూలు, పైన పచ్చటి పరుపు. దూరం నుంచి చూస్తే కాలువ కళకళలాడుతున్నట్టే ఉంటుంది. కింద నీరు కదలదు, చివరి చేలకు తడి అందదు. 2013 నాటికి డబ్‌స్టెప్ పరిస్థితి అదే. పైన అంతా వాబుల్ అల్లుకుపోయింది, రెండు దెబ్బల మధ్య జాగా పూర్తిగా కప్పుకుపోయింది. మొదలుపెట్టిన వాళ్ళే ముందు విసిగిపోయారు. స్క్రీమ్ ఆ ఏడాదికి వేరే సంగీతం వైపు వెళ్ళాడు. బెంగా 2014లో ఆరోగ్యం చెడి విరమించాడు, తన మానసిక అనారోగ్యం గురించి తరువాత ధైర్యంగా చెప్పాడు. పత్రికల వాళ్ళు డబ్‌స్టెప్ చనిపోయిందని రాశారు.

కాబట్టి ఆ అబ్బాయి మాటకు సగం జవాబు: అవును. జనం నోట్లో నానే పేరుగా దాని కాలం అయిపోయింది. ఇందులో నాకు బాధ లేదని చెబితే అబద్ధం. కానీ బతికి ఉందని బుకాయించడం ఆ సంగీతానికి మర్యాద కాదు.

మిగతా సగం వేరు. డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగు కనిపిస్తుంది. పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు. ధవళేశ్వరం దగ్గర మళ్ళీ నీరు వదిలేదాకా మనలో ఎవరూ కాలువ పోయిందని అనరు. జనం వెళ్ళిపోయాక ఈ సంగీతానికి జరిగిందీ అదే. 2006లో పెట్టిన తన డీప్ మేడీ సంస్థ నుంచి మాలా రికార్డులు వేస్తూనే ఉన్నాడు. డబ్బుకోసం వచ్చినవాళ్ళు పోయారు, వినేవాళ్ళు మిగిలారు. స్క్రీమూ బెంగా మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. 2024 ఫిబ్రవరిలో అదే స్క్రిల్లెక్స్, ఇద్దరు లండన్ కళాకారులతో కలిసి చేసిన ఒక పాటకు మళ్ళీ గ్రామీ అందుకున్నాడు. వినండి ఆ పాటను. 140 వేగమే. అరుపులు లేవు. కింద బరువు, పైన ఒక బొంగురు గొంతు, మధ్యలో ఖాళీ. పన్నెండేళ్ళు తిరిగి, ఎవరిని దోషి అన్నారో ఆ మనిషే క్రాయిడన్ పిల్లలు వదిలిన జాగాకు చేరాడు. ఇప్పుడు మన పిల్లలు రీళ్ళలో వినే లండన్ డ్రిల్ అనే ర్యాప్ పాటల్లోనూ వేగం ఇంచుమించు అదే. జారే బేస్ కూడా ఉంది, ఏ మృదంగం మాస్టారు విన్నా గుంకీ అని గుర్తుపడతారు.

దీన్ని మనం కొత్తగా నేర్చుకోవలసిన పనీ లేదు. ధనుర్మాసంలో మంచు పడితే డప్పు మెత్తబడుతుంది. గడ్డి మంట వేసి కాస్తారు. కాచే మనిషిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? మంట మీద తిప్పుతాడు, తీసి ఒక్క దెబ్బ కొడతాడు, ఆగుతాడు. ఆ దెబ్బ ఆఖరిదాకా ఆరిపోయేదాకా వింటాడు. చాలలేదనిపిస్తే మళ్ళీ మంట మీద పెడతాడు. ఊరేగింపులో ఎంత హోరు పుట్టించినా, పని మొదలయ్యేది ఆ ఒక్క దెబ్బతో, దాని తరువాత వినే ఆ నిశ్శబ్దంతో. బ్రిక్స్టన్ చీకట్లో కళ్ళు మూసుకుని నిలబడిన వాళ్ళూ, గడ్డి మంట పక్కన చెవి ఒగ్గి కూర్చున్న మన డప్పు మనిషీ ఒకే పని చేస్తున్నారు.

బాబూ, నీ బాక్సుల సంగతి. ఎనిమిదిలో నాలుగు అమ్మెయ్. వీధిలోకి ఎనిమిది అక్కరలేదు, ఎన్నడూ అక్కరలేదు. నాలుగు ఉంచుకో. రైసుమిల్లు గోదాము ఏదైనా, ఊరికి దూరంగా ఉన్నది, అద్దెకు దొరుకుతుందేమో చూద్దాం. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, వినాలనుకున్నవాళ్ళే వచ్చేటట్టు పెడదాం. డప్పు వాళ్ళను పిలుద్దాం, మృదంగం వాళ్ళను పిలుద్దాం. మొదటి మూడు నెలల అద్దె నేను కడతాను. ఈ మాట ఇంతమంది ఎదుట చెబుతున్నాను.

ఇక మాటలు చాలు. క్రాయిడన్ పిల్లవాడు ఒకడు పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో కట్టిన పాట, 2005 నాటిది, వినిపిస్తాను. మూలల్లో కూర్చున్నవాళ్ళు కాస్త మధ్యకు జరగండి, మూలల్లో ఈ శబ్దం పేరుకుంటుంది. ఆ కిటికీ రెక్కలకు గొళ్ళేలు బిగించండి, లేకపోతే అవి అదురుతాయి. పళ్ళెం ఇక్కడే ఉంచుతాను, ముందు వరస పిల్లలు గింజలను చూడవచ్చు. అమ్మా, ఆ స్విచ్చి పక్కన ఉన్నారు కదా, దీపాలు ఆర్పండి.